టీవీకి హోమ్ థియేటర్ కలపడం: హైదరాబాద్ ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

బంధువుల్లో ఎవరైనా పెద్ద టీవీ కొన్నారంటే వారం తిరక్కుండా నాకు ఫోన్ వస్తుంది. మియాపూర్ పిన్ని అయినా, వనస్థలిపురం బావగారైనా చెప్పేది దాదాపు ఒకటే. "అన్నీ కలిపాం. సౌండ్ వస్తోంది. వెనక బాక్సులు మాత్రం పలకడం లేదు." నేను మెకానిక్‌ని కాను, ఈ పిచ్చి ఉన్నవాణ్ణి, అంతే. సోఫాలు జరిపి, టీవీ వెనక దుమ్ములో చెయ్యి పెట్టి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నేను చూసిన ఇళ్లలో చాలావరకు వైరు తప్పు కాదు. 5.1 శబ్దం (ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు, ఒక వూఫర్, ఒక్కోదానికి ఒక చానెల్) వచ్చే దారిలో ఎక్కడో రెండు చానెళ్లుగా కుదించుకుపోయి ఉంటుంది. ఆ చోటు దొరికితే పని అయిపోయినట్టే.

అన్నీ కలిపాను. ముందు రెండు స్పీకర్లే పలుకుతున్నాయి. వెనకవి పోయాయా?

పోయి ఉండవు. ముందు రిసీవర్‌లోనే, అంటే శబ్దాన్ని అందుకుని స్పీకర్లన్నిటికీ పంచే పెట్టెలోనే ఉండే టెస్ట్ టోన్ పెట్టి చూడండి. సెటప్ మెనూలోకి వెళ్తే ఒక్కో స్పీకర్ నుంచి వరసగా "హుష్‌ష్" అని శబ్దం వస్తుంది. వెనక స్పీకర్ల నుంచి కూడా వచ్చిందంటే స్పీకర్లు, వైర్లు, ఆంప్లిఫయర్ మూడూ బాగున్నట్టే. ఇక వాటి జోలికి వెళ్లకండి.

ఇప్పుడు సినిమా పెట్టి రిసీవర్ ముందున్న డిస్‌ప్లే చదవండి. అక్కడ "డాల్బీ డిజిటల్" అనో, "డాల్బీ డిజిటల్ ప్లస్" అనో, "డీటీఎస్" అనో (5.1ను మూట కట్టి పంపే పద్ధతులివి) ఉంటే 5.1 చాలావరకు మీ ఇంటిదాకా వచ్చినట్టే. "పీసీఎం" (మూట విప్పేసిన శబ్దం) అనో "స్టీరియో" అనో ఉంటే రిసీవర్‌కు అందుతున్నది చాలావరకు రెండు చానెళ్లే. పాపం దానికి అందనిది అది పంచలేదు కదా.

అప్పుడు వెనక్కి నడవండి. సినిమాలోనే 5.1 ఉందా? యాప్‌లోనో సెట్‌టాప్ బాక్సులోనో ఆడియో స్టీరియోగా పెట్టి ఉందా? టీవీ సెట్టింగ్ పీసీఎంలో ఉందా? కలిపిన వైరు 5.1 మోయగలదా? ఈ నాలుగు చోట్లలో ఒకచోట దొంగ దొరుకుతాడు. కింద ఒక్కొక్కటీ చెబుతాను.

టీవీ వెనక ఇన్ని రంధ్రాలున్నాయి. సౌండ్ కోసం ఏది వాడాలి?

హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒకదాని పక్కన "ఆర్క్" అనిగానీ "ఈ-ఆర్క్" అనిగానీ రాసి ఉంటుంది. మొదటి చాయిస్ అదే. మామూలు హెచ్‌డీఎంఐలో బొమ్మా శబ్దమూ టీవీలోకి వస్తాయి. ఆర్క్ ఉన్నదాంట్లో శబ్దం అదే వైరు మీద వెనక్కి కూడా వెళ్తుంది. ఈ సౌకర్యం 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది, కాబట్టి పదేళ్ల నాటి టీవీకి కూడా ఉండే అవకాశం ఎక్కువే.

అది లేకపోతే ఆప్టికల్. చిన్న చదరపు రంధ్రం, మూత తీస్తే లోపల ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. 5.1 వరకు అది బాగానే మోస్తుంది.

హెడ్‌ఫోన్ రంధ్రం, ఎరుపు తెలుపు పిన్నులు రెండు చానెళ్లకే. వాటితో ఎన్ని స్పీకర్లు కలిపినా అసలైన సరౌండ్ రాదు.

ఆర్క్ చాలా, ఈ-ఆర్క్ ఉన్న టీవీ కొనాలా?

ఎక్కువగా ఓటీటీ, సెట్‌టాప్ బాక్సు చూసే ఇంటికి ఆర్క్ చాలు. ఆర్క్ మీద డాల్బీ డిజిటల్, డాల్బీ డిజిటల్ ప్లస్ వెళ్తాయి. ఓటీటీ యాప్‌లు పంపే అట్మాస్ (తల మీది నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) కూడా ఈ ప్లస్ లోపలే దాక్కుని వస్తుంది కాబట్టి, టీవీ దాన్ని ముట్టుకోకుండా పంపిస్తే ఆర్క్ మీద కూడా అట్మాస్ వినొచ్చు.

ఈ-ఆర్క్ అవసరం బ్లూరే డిస్కులు, గేమింగ్ బాక్సులు టీవీకి కలిపేవాళ్లకు. డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో, కుదించని 5.1, 7.1 లాంటివి ఆర్క్‌లో పట్టవు. ఆర్క్ దారి సెకనుకు దాదాపు 1 మెగాబిట్ అయితే ఈ-ఆర్క్ 37 మెగాబిట్ల దాకా మోస్తుంది. ఒకటి బస్తీ సందు, ఇంకొకటి ఔటర్ రింగ్ రోడ్డు. కానీ మీ ఇంట్లో తిరిగేది స్కూటరే అయితే సందు చాలు.

ఆర్క్‌లోనే పెట్టాను. అయినా శబ్దం టీవీలోంచే వస్తోంది.

ఫోన్‌లో నన్ను ఎక్కువగా విసిగించే ప్రశ్న ఇది, ఎందుకంటే అవతలివాళ్లు ప్రతిదానికీ "పెట్టానండీ" అంటారు. వెళ్లి చూస్తే పెట్టి ఉండరు.

వైరు రెండో చివర రిసీవర్‌లో ఎక్కడ ఉందో చూడండి. అది రిసీవర్ "హెచ్‌డీఎంఐ అవుట్" రంధ్రంలో ఉండాలి. శబ్దం రిసీవర్ లోపలికి వెళ్తోంది కదా అని "ఇన్"లో పెడతారు. తర్కం కరెక్టే, రంధ్రం తప్పు. బొమ్మ టీవీకి వెళ్లే "అవుట్"లోంచే శబ్దం వెనక్కి వస్తుంది. దాని పక్కన కూడా "ఆర్క్" అని రాసి ఉంటుంది.

తర్వాత టీవీలో సీఈసీ (హెచ్‌డీఎంఐ వైరు మీద పెట్టెలు ఒకదాన్నొకటి నడిపించే సౌకర్యం) ఆన్ చెయ్యాలి. ఆ పేరుతో వెతికితే చాలా టీవీల్లో దొరకదు, ఒక్కో కంపెనీ ఒక్కో ముద్దు పేరు పెట్టుకుంది. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, పానాసోనిక్‌లో వియెరా లింక్. రిసీవర్ మెనూలో కూడా సీఈసీ, ఆర్క్ రెండూ ఆన్ చెయ్యండి. చివరగా టీవీలో సౌండ్ అవుట్‌పుట్‌ను టీవీ స్పీకర్ నుంచి ఆర్క్‌కు మార్చండి.

ఇవన్నీ చేసినా పలకకపోతే రెండింటినీ రిమోట్‌తో కాకుండా గోడ స్విచ్ దగ్గర ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, ముందు టీవీ, తర్వాత రిసీవర్ ఆన్ చెయ్యండి. చేతబడి వదిలించినట్టు ఉంటుంది గానీ పని చేస్తుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవడం మధ్యలో ఆగిపోయి ఉంటుంది, మళ్లీ మొదలవుతుంది.

టీవీలో పీసీఎం, ఆటో, పాస్‌త్రూ అని ఉన్నాయి. ఏది పెట్టాలి?

పాస్‌త్రూ (వచ్చిన శబ్దాన్ని ముట్టుకోకుండా పంపడం) ఉంటే పాస్‌త్రూ. లేకపోతే ఆటో. అవి రెండూ కుదరకపోతే డాల్బీ డిజిటల్. పీసీఎం మాత్రం వద్దు. ఆర్క్ మీదా, ఆప్టికల్ మీదా పీసీఎం అంటే రెండు చానెళ్లే. సరౌండ్ మొత్తాన్ని టీవీ విప్పేసి, కలిపేసి, రెండుగా చేసి పంపుతుంది. "వెనకవి పలకడం లేదు" అన్న ఇళ్లలో నేను ముందుగా తెరిచేది ఈ మెనూనే.

సెట్‌టాప్ బాక్సు, ఫైర్ స్టిక్ టీవీకి పెట్టాలా, రిసీవర్‌కా?

రిసీవర్‌కు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు ఉంటే నేను రిసీవర్‌కే పెడతాను. శబ్దం నేరుగా దానికి అందుతుంది, బొమ్మ టీవీకి వెళ్తుంది, మధ్యలో టీవీ పెత్తనం ఉండదు. ఒక్క మెలిక. 4కే బొమ్మ రావాలంటే రిసీవర్‌కు హెచ్‌డీసీపీ 2.2 (బొమ్మను కాపీ కొట్టకుండా కాపాడే తాళం) ఉండాలి. పాత రిసీవర్‌కు అది లేకపోతే బొమ్మ నల్లబడుతుంది, లేదా తక్కువ నాణ్యతలో వస్తుంది. అప్పుడు అన్నీ టీవీకి పెట్టి శబ్దం ఆర్క్ మీద పంపండి.

కొన్ని పాత టీవీలు తమ సొంత యాప్‌ల శబ్దాన్ని 5.1గా పంపుతాయి గానీ, హెచ్‌డీఎంఐలో వచ్చినదాన్ని మాత్రం ఆప్టికల్ మీద స్టీరియో చేసి పంపుతాయి. బయటి బాక్సుతో మాత్రమే సరౌండ్ రావడం లేదంటే అనుమానం ఇటు వెళ్లాలి.

సీరియల్స్, వార్తలు పెడితే వెనక స్పీకర్లు మూగబోతాయి. ఎందుకు?

అక్కడ వినిపించడానికి ఏమీ లేదు కాబట్టి. వార్తలు, సీరియల్స్ మామూలుగా స్టీరియోలోనే వస్తాయి. కొన్ని హెచ్‌డీ చానెళ్లు సినిమాలకు డాల్బీ పంపినా, బాక్సు సెట్టింగుల్లో ఆడియోను డాల్బీకి మార్చకపోతే అదీ స్టీరియోగానే వస్తుంది.

స్టీరియోను కూడా అన్ని స్పీకర్లలో వినాలంటే రిసీవర్‌లో "డాల్బీ సరౌండ్", "న్యూరల్ ఎక్స్", పాతవాటిలో "ప్రొలాజిక్ 2" అనే మోడ్లు ఉంటాయి. మాటను మధ్య స్పీకరుకు, పరిసరాల శబ్దాన్ని వెనకకు పంచుతాయి. క్రికెట్‌కు చాలా బాగుంటుంది, ఉప్పల్ స్టేడియం గోల కొంచెం హాల్లోకి వస్తుంది. "ఆల్ చానెల్ స్టీరియో" అనే మోడ్ మాత్రం అదే శబ్దాన్ని అన్ని బాక్సుల్లో కుమ్మరిస్తుంది. పండక్కి పాటలు పెట్టుకోవడానికి సరే, సినిమాకు వద్దు.

ఓటీటీలో అన్ని సినిమాలూ 5.1లోనే ఉంటాయా?

ఉండవు. సినిమా పేజీలో 5.1 గుర్తు ఉందో లేదో చూడండి. గుర్తున్నా భాషను బట్టి తేడా ఉండొచ్చు. అసలు భాషలో 5.1 ఉండి, తెలుగు డబ్బింగ్ స్టీరియోలో ఉన్నవి నాకు తగిలాయి. ఆడియో మెనూలో "తెలుగు 5.1" అని వేరుగా కనిపిస్తే దాన్ని ఎంచుకోండి. నెట్‌ఫ్లిక్స్‌లో అట్మాస్ కావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాలి. ఫోన్ నుంచి టీవీకి మిర్రర్ చేసి చూస్తే సరౌండ్ మర్చిపోవచ్చు. టీవీలోని యాప్‌లోనే చూడండి.

పెన్‌డ్రైవ్‌లో సినిమా పెడితే బొమ్మ వస్తోంది, మాట రావడం లేదు.

ఆ ఫైల్లో శబ్దం డీటీఎస్‌లో ఉండి ఉంటుంది. అన్ని టీవీలకూ డీటీఎస్ అర్థం కాదు. సామ్‌సంగ్ 2018 మోడళ్ల నుంచి టీవీల్లో అది ఇవ్వడం మానేసింది, ఎల్‌జీ కూడా 2020 నుంచి కొన్నేళ్లు మానేసింది. టీవీకి అర్థం కానిది చాలాసార్లు ముందుకు కూడా పంపదు. రిసీవర్‌కు డీటీఎస్ వచ్చు కాబట్టి, ఆ పెన్‌డ్రైవ్‌ను ఏదైనా మీడియా ప్లేయర్ బాక్సుకు పెట్టి, ఆ బాక్సును రిసీవర్‌కు కలిపితే శబ్దం వస్తుంది.

కోఠీలో చేయించిన పాత 5.1 ఆంప్లిఫయర్ ఉంది. కొత్త టీవీకి కలుస్తుందా?

కలుస్తుంది. ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు కొంచెం ఎక్కువ ఇష్టం. కోఠీ గుజరాతీ గల్లీలో బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్, క్యాబినెట్ విడివిడిగా కొని, మెకానిక్ దగ్గర కూర్చుని కట్టించుకున్న ఆంప్లిఫయర్లు ఈ ఊళ్లో ఎన్ని ఇళ్ల అటకల మీద ఉన్నాయో! 4440 ఐసీ (ఆంప్లిఫయర్ చిప్) బోర్డు అనగానే కళ్లు మెరిసే మనుషులు నాకు తెలుసు.

వాటి వెనక ఆరు పిన్నుల రంధ్రాలుంటాయి. ముందు కుడి, ఎడమ, మధ్య, వూఫర్, వెనక కుడి, ఎడమ. అప్పట్లో డీవీడీ ప్లేయరే 5.1ను విప్పి ఆరు వైర్ల మీద విడివిడిగా ఇచ్చేది. ఇప్పటి టీవీ అలా ఇవ్వదు, మూట కట్టి ఒకే వైరు మీద పంపుతుంది. మూట విప్పేవాడు మధ్యలో కావాలి. వాడి పేరు ఆడియో డీకోడర్. అరచేయంత పెట్టె. ఒకవైపు ఆప్టికల్, కొన్నిటికి ఆర్క్ కూడా, ఇంకోవైపు ఆరు చానెళ్ల అనలాగ్ అవుట్. కొనేటప్పుడు "డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్" అని అడిగితే రెండు చానెళ్లది అంటగడతారు. "5.1 డీకోడర్, ఆరు అవుట్‌పుట్లు" అని నొక్కి అడగండి. వీటిలో చాలావాటికి డాల్బీ డిజిటల్ ప్లస్ రాదు, అందుకే టీవీలో ఆటో కాకుండా డాల్బీ డిజిటల్ పెట్టాలి.

డీకోడర్ లేకుండా ఎరుపు తెలుపు పిన్నులతో కలిపినా వెనక స్పీకర్లలో ఏదో వినిపిస్తుందని కొందరంటారు. నిజమే. కొన్ని సరౌండ్ బోర్డులు ఎడమ చానెల్ నుంచి కుడిని తీసేసి, మిగిలినదాన్ని వెనక్కి పంపుతాయి. గాయకుడి గొంతు రెండిటిలో సమానంగా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది. అందుకే వెనక బాక్సులో వాయిద్యాలు మోగుతాయి, పాడే మనిషి మాయమైపోతాడు. చిన్నప్పుడు అదే సరౌండ్ అనుకుని మురిసిపోయాం.

హోమ్ థియేటర్‌ను బ్లూటూత్‌తో కలిపితే వైర్ల గోల ఉండదు కదా?

ఉండదు. 5.1 కూడా ఉండదు. టీవీ బ్లూటూత్ పంపేది స్టీరియో, పైగా ఆలస్యంగా.

మనిషి పెదవులు ఒకలా, మాట ఇంకోలా ఉన్నాయి.

ముందు ఏది ముందో, ఏది వెనకో చూడండి. మాట ముందొచ్చి పెదవులు తర్వాత కదిలితే, టీవీ బొమ్మకు మెరుగులు దిద్దుతూ ఆలస్యం చేస్తోందని అర్థం. రిసీవర్‌లో "లిప్ సింక్" లేదా "ఆడియో డిలే" దగ్గర కొద్దికొద్దిగా మిల్లీసెకన్లు పెంచుతూ వెళ్లండి. వార్తలు చదివేవాళ్ల ముఖం దీనికి మంచి పరీక్ష.

మాట వెనకబడితే కష్టం, ఎందుకంటే శబ్దాన్ని కాలంలో ముందుకు తోయలేం. డిలే ఎక్కడైనా పెట్టి ఉంటే సున్నా చెయ్యండి, పాస్‌త్రూకు మార్చండి, బ్లూటూత్ అయితే వైరుకు మారండి. అదృష్టం కొద్దీ మన మెదడు దీన్ని కొంత క్షమిస్తుంది. మెరుపు తర్వాత ఉరుము రావడానికి అలవాటు పడినవాళ్లం కదా. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే పసిగట్టేస్తాం, వెనకబడితే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా గమనించమని ప్రసార రంగం ప్రమాణాలు చెబుతాయి.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలి? మా హాలు సినిమా హాలు కాదు.

ఎవరి హాలూ కాదు. పుస్తకంలో లెక్క ఇలా ఉంటుంది. మీరు టీవీకి ఎదురుగా కూర్చుంటే మధ్య స్పీకర్ నేరుగా ఎదుట, ముందు రెండూ చెరో పక్క 30 డిగ్రీల్లో, వెనకవి 110 డిగ్రీల దగ్గర. అంటే 5.1లో "వెనక" స్పీకర్లు నిజానికి వెనక కాదు, చెవులకు పక్కన, కాస్త వెనగ్గా. చాలామంది వాటిని వీపు వెనక గోడ మూలల్లో, సీలింగ్ దగ్గర బిగిస్తారు. దేవుడి పటాల్లా.

మన అపార్ట్‌మెంట్లలో సోఫా గోడకు ఆనుకుని ఉంటుంది, ఒక పక్క డైనింగ్ వైపు గోడే ఉండదు. సోఫాను ఒక్క అడుగు ముందుకు జరపగలిగితే జరపండి, వినికిడిలో తేడా తెలుస్తుంది. లేదంటే రెండు పక్కలా చెవి ఎత్తుకు అడుగు పైన పెట్టి, సోఫా వైపు తిప్పండి. గోడ లేని వైపు స్టాండ్ పెట్టండి. రెండు పక్కలా దూరం సమానంగా లేకపోయినా పర్వాలేదు. శబ్దం మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. రిసీవర్‌లో ఒక్కో స్పీకర్ దూరం టేపుతో కొలిచి నింపితే ఆ తేడాను అదే సరిచేస్తుంది.

మైకు ఇచ్చిన రిసీవర్ అయితే పని ఇంకా తేలిక. డెనాన్‌లో ఆడిసీ, యమహాలో వైపావో అంటారు. మైకును మీరు కూర్చునే చోట చెవి ఎత్తులో పెట్టి నడిపించండి. ఫ్యాను, ఏసీ ఆపాలి, వంటింట్లో కుక్కర్ దింపాలి. ఒకసారి మా తమ్ముడి ఇంట్లో సరిగ్గా కొలత మధ్యలో పప్పు కుక్కర్ విజిల్ వేసింది. మొత్తం మళ్లీ మొదలుపెట్టాం.

గ్రానైట్ నేల, ఖాళీ గోడలు, గాజు తలుపు ఉన్న హాలు గంగాళంలా మోగుతుంది. సోఫా ముందు మందపాటి తివాచీ, బాల్కనీ తలుపుకు బరువైన కర్టెన్ వేసి చూడండి. కొత్త స్పీకర్ల కంటే చవక.

పాటలు అదిరిపోతాయి, మాటలు వినబడవు.

5.1లో మాట దాదాపు మొత్తం మధ్య స్పీకర్‌లోనే ఉంటుంది. దాన్ని టీవీ యూనిట్ అరలో లోపలికి తోసేసి ఉంటారు. ముందు అంచుదాకా లాగి, ముఖం కొంచెం పైకి, మీ వైపు ఎత్తండి. రిసీవర్‌లో సెంటర్ లెవెల్ 2 నుంచి 3 డెసిబెల్స్ పెంచండి. రాత్రిపూట "నైట్ మోడ్" లేదా "డైనమిక్ రేంజ్" ఆన్ చేస్తే పేలుళ్లు తగ్గి గుసగుసలు పెరుగుతాయి. మధ్య స్పీకర్ కొనకుండానే రిసీవర్‌లో ఉన్నట్టు పెట్టినవాళ్లనూ చూశాను. పాపం వాళ్లకు హీరో మాట్లాడటమే తెలియదు. లేని స్పీకర్‌ను మెనూలో "లేదు" అని పెడితే మాట ముందు రెండిటికీ వెళ్తుంది.

సబ్‌వూఫర్ ఎక్కడ? కింది ఫ్లోర్ వాళ్లు తిడుతున్నారు.

80 హెర్ట్జ్ కంటే కింది శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు, కాబట్టి పెట్టె ఎక్కడున్నా నష్టం లేదు. కానీ గదిలో చోటుచోటుకీ బేస్ మారుతుంది. పాత చిట్కా ఒకటుంది. వూఫర్‌ను సోఫాలో మీ సీటు మీద పెట్టి, బేస్ ఉన్న పాట పెట్టి, మీరు గోడల వెంట వంగి తిరగండి. ఎక్కడ బేస్ గట్టిగా, శుభ్రంగా వినిపిస్తే అక్కడ వూఫర్ పెట్టండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. రిసీవర్‌లో చిన్న స్పీకర్లన్నిటికీ క్రాసోవర్ (ఏ శబ్దం నుంచి కిందిది వూఫర్‌కు వెళ్లాలో చెప్పే గీత) 80 హెర్ట్జ్ పెట్టడం మంచి మొదలు.

కింది ఫ్లోర్ సంగతి. శ్లాబు ద్వారా వెళ్లే అదురు గాలిలో వెళ్లే శబ్దం కంటే ఎక్కువ చికాకు పెడుతుంది. పెట్టె కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి, మూలలోంచి బయటికి తీయండి. మూల బేస్‌ను పెంచుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాలకు పరిమితి 45 డెసిబెల్స్. పది దాటాక వూఫర్ స్విచ్ ఆపేయడం నా పద్ధతి. వాచ్‌మన్ పైకి రావడం కంటే అది మేలు.

స్పీకర్లకు ఏ వైరు?

రాగిది, రెండు కోర్ల ఫ్లెక్సిబుల్ వైరు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 12 మీటర్ల లోపు 1.5 చదరపు మిల్లీమీటర్లు చాలు. 4 ఓమ్‌లవీ, దూరం ఎక్కువున్నవీ అయితే 2.5. ట్రూప్ బజార్‌లో మంచి రాగి వైరు దొరుకుతుంది, బంగారు పూత మాటలకు డబ్బు పొయ్యకండి. రాగి అని చెప్పి రాగి పూత పూసిన అల్యూమినియం ఇస్తారేమో చూసుకోండి. బ్లేడుతో ఒక పోగును గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది.

ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. ఒక స్పీకర్ తిరగబడితే శబ్దం ఆగదు గానీ బేస్ సన్నబడి, మాట తలలో ఎక్కడో తేలుతున్నట్టు ఉంటుంది. వైరు గుర్తులు చెరిగిపోతే గోడ గడియారం బ్యాటరీతో చూడొచ్చు. రిసీవర్ నుంచి వైరు విప్పేసి, రెండు కొసలను 1.5 వోల్టుల బ్యాటరీకి ఒక్క క్షణం తాకించండి. స్పీకర్ కోన్ బయటికి తన్నితే బ్యాటరీ ప్లస్ తగిలిన కొస ఎరుపు.

కొత్త ఇంట్లో గోడల్లో పైపులు వేయిస్తున్నారా? స్పీకర్ వైరు పైపు వేరు, కరెంటు పైపు వేరు. టీవీ నుంచి కింది యూనిట్‌కు మాత్రం లావు పైపు అడగండి. 20 మిల్లీమీటర్ల పైపులో హెచ్‌డీఎంఐ పిన్ను ఇరుక్కుపోతుంది, ప్లాస్టరింగ్ అయ్యాక ఏడ్చి లాభం లేదు.

ఎప్పుడూ సన్నగా "గుయ్" మంటోంది.

టీవీ నుంచి కేబుల్ వాళ్ల గుండ్రటి వైరు, లేదా డిష్ వైరు పీకి చూడండి. ఆగితే ఎర్త్ లూప్. బయటి నుంచి వచ్చే ఆ వైరుకూ ఇంటి ఎర్త్‌కూ మధ్య తేడా శబ్దమై వినిపిస్తోంది. టీవీ, బాక్సు, రిసీవర్, వూఫర్ అన్నీ ఒకే సాకెట్ నుంచి వచ్చే బోర్డుకు పెట్టండి. పాత అపార్ట్‌మెంట్లలో సాకెట్‌కు మూడో పిన్ను ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించుకోండి. గుయ్ పోవాలని పిన్ను విరగ్గొట్టేవాళ్లున్నారు. ఆ పని మాత్రం చెయ్యకండి, షాక్ కొడుతుంది. ఆప్టికల్ వైరులో వెళ్లేది వెలుగు కాబట్టి దానిలోంచి ఈ గుయ్ రాదు.

ఉరుములప్పుడు ఆపాలా?

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం మొదలవ్వగానే ప్లగ్ పీకండి, డిష్ వైరు కూడా. స్విచ్ ఆపితే చాలదు. ఒక మే నెలలో నా రిసీవర్ హెచ్‌డీఎంఐ బోర్డు ఇలాగే పోయింది. బాగుచేసే చోట చెప్పిన రేటు విని దాన్ని స్టీరియో ఆంప్లిఫయర్‌గా బెడ్‌రూమ్‌లో పెట్టుకున్నాను. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న బోర్డు వాడితే మంచిది, కానీ అదీ ఎర్త్ ఉన్నచోటే సరిగ్గా పని చేస్తుంది.

ఇంత తలనొప్పి ఎందుకు, సౌండ్‌బార్ చాలదా?

అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టనివ్వని ఓనరు, పాకే పిల్లాడు ఉంటే సౌండ్‌బారే కొనండి. వెనక చిన్న స్పీకర్లు, విడి వూఫర్ వచ్చేది చూసుకోండి. వెనక "వైర్‌లెస్" స్పీకర్లకు కూడా కరెంటు ప్లగ్ కావాలని గుర్తుంచుకోండి, సోఫా పక్కన సాకెట్ ఉందా? సొంత ఇల్లు, పాటల పిచ్చి ఉంటే రిసీవర్, విడి స్పీకర్లు. ఒక్కటి పోతే ఒక్కటే మార్చుకోవచ్చు. అట్మాస్ కోసం సీలింగ్‌లో స్పీకర్లు పెట్టాలా అని అడుగుతారు. ముందు 5.1 సరిగ్గా పలికించి, ఆరు నెలలు విని, అప్పుడు ఆలోచించండి.

అమ్మకు మూడు రిమోట్లు అర్థం కావడం లేదు.

మా అమ్మకూ అంతే. నేను ఆఫీసులో ఉంటే "శబ్దం రావట్లేదురా" అని ఫోన్. సీఈసీ సరిగ్గా కుదిరితే టీవీ ఆన్ చెయ్యగానే రిసీవర్ కూడా లేస్తుంది, టీవీ రిమోట్ వాల్యూమే రిసీవర్‌కు పని చేస్తుంది. సెట్‌టాప్ బాక్సు రిమోట్‌లో "టీవీ" పవర్, వాల్యూమ్ బటన్లను టీవీకి నేర్పితే మిగిలేది ఒక్క రిమోటే. కుదరకపోతే రిసీవర్‌లో స్టాండ్‌బై పాస్‌త్రూ ఆన్ చేసి పెట్టండి. రిసీవర్ నిద్రపోతున్నా బాక్సు బొమ్మ, మాట టీవీకి వెళ్తాయి, సీరియల్ టీవీ స్పీకర్లలో వినిపిస్తుంది. మిగతా రిమోట్లు సొరుగులో దాచేశాను. ఆ ఫోన్లు ఆగిపోయాయి.